రెండు నాళాల సిలికాన్ ఫాంటమ్: సూది మొనకు సరే, లోతుకు కాదు

అల్ట్రాసౌండ్ చూస్తూ సిరలోకి సూది దించడం రెసిడెంట్లకు (శిక్షణలో ఉన్న డాక్టర్లకు) నేర్పేందుకు వాడే ఫాంటమ్, అంటే మనిషి ఒంటికి బదులు గుచ్చే సిలికాన్ దిమ్మ ఇది. సూది మొనను తెర మీద వదలకుండా వెంబడించడం దీని మీద బాగా అలవడుతుంది. మిగతా వాటికి అంతంతమాత్రమే.

అభ్యాసం ఇలా పెట్టాలి. లీనియర్ ప్రోబ్ (చర్మానికి ఆనించే, మొహం చదునుగా ఉండే అల్ట్రాసౌండ్ పిడి), డెప్త్ (తెర మీద కనబడే లోతు) 4 సెంటీమీటర్లు, నాళం అడ్డుకోత తెర మధ్యలో. సూది గుచ్చాక తెల్లటి చుక్క కనబడగానే చెయ్యి ఆపించండి. ఆ చుక్క మాయమయ్యేదాకా ప్రోబ్‌ను ముందుకు జరపాలి, ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలు. అప్పుడు ప్రోబ్‌ను కదపకుండా, చుక్క మళ్లీ కనబడేదాకా సూదిని తోయాలి. రెండు చేతులూ ఒకేసారి కదిలితే తెర మీద ఉన్నది మొనో, కాడో తెలియదు. కొత్తవాళ్లు నాళం వెనక గోడ చీల్చేది ఇక్కడే: కాడను చూసి మొన అనుకుంటారు, అసలు మొన అప్పటికే అవతలికి పోయి ఉంటుంది. నాళంలో నింపిన రంగునీళ్లు సిరంజిలోకి రాగానే ఆగనివ్వకండి. మొనను నాళం నడిమధ్యన ఉంచుతూ ఇంకో సెంటీమీటరు నడిపించాలి.

ఇక లోతు సంగతి. ధ్వనివేగం సెకనుకు 1540 మీటర్లని అనుకుని, ప్రతిధ్వని తిరిగొచ్చే సమయాన్ని బట్టి మెషీన్ లోతు లెక్క కడుతుంది. మామూలు సిలికాన్‌లో అది సుమారు 1000 మాత్రమే. దాంతో 2 సెంటీమీటర్ల లోతున్న నాళం తెర మీద 3 దగ్గర కనబడుతుంది. డబ్బా మీద ఏం రాసి ఉన్నా, దిమ్మను పక్కనుంచి స్కేలుతో కొలిచి మెషీన్ తెర మీద దూరం కొలిచే క్యాలిపర్‌తో పోల్చుకోండి. తేడా వస్తే లోతును బట్టి సూది పొడవు, కోణం ఎంచుకునే పాఠం దీని మీద చెప్పకండి.

సిలికాన్ తెర మీద నల్లగా, నునుపుగా కనబడుతుంది కాబట్టి సూది మెరిసిపోతుంది. మనిషి కణజాలంలో అంత సుఖం ఉండదు. ఈ ఒక్క విషయంలో ఇంట్లో కాచుకునే జెలటిన్ నయం: లీటరు నీటికి 100 గ్రాముల జెలటిన్, గరుకుదనానికి చెంచాడు ఇసబ్గోల్ పొట్టు. కాకపోతే ఫ్రిజ్‌లో పెట్టినా కొన్నాళ్లే నిలుస్తుంది, గుచ్చిన దారులు పూడవు.

దారుల బెడద సిలికాన్‌కూ లేకపోలేదు. పాత దారిలో గాలి చేరి తెల్లటి గీత పడుతుంది, రెసిడెంటు దాన్నే పట్టుకుని పోతాడు. తరగతి తరగతికీ దిమ్మను అటుదిటు తిప్పండి. 18 గేజ్ సూది కన్నా, దానికంటే సన్నదైన 21 గేజ్‌తో దిమ్మ ఎక్కువకాలం వస్తుంది. మొన వంగిన సూదిని వెంటనే పారేయాలి. నాళంలోకి గాలి పోతే దాని కిందదంతా నీడ కమ్మేస్తుంది. దిమ్మను ఏటవాలుగా నిలిపి, కింది కొస నుంచి నీళ్లెక్కిస్తే బుడగలు పైకొసన పోతాయి.

నొక్కితే అణిగేది సిర, అణగనిది ధమని అన్న పాఠానికి ఇది పనికిరాదు, ఇందులో నాళాలుగా పెట్టిన మూసిన గొట్టాలు రెండూ ఒకేలా ఉంటాయి. దానికి వాలంటీరు చెయ్యి మీద సూది లేకుండా ప్రోబ్ పెట్టి చూపించాల్సిందే.

కొనేటప్పుడు గొట్టాలు మార్చుకునే వీలున్న రకమే తీసుకోండి. వీల్లేని రకంలో ఒక్క గొట్టం కారడం మొదలైతే దిమ్మ మొత్తం పనికిరాకుండా పోతుంది.