డ్యాష్‌బోర్డు కొనే ముందు మీ రిజిస్టరు అమ్మేవాళ్ల ముందు పెట్టండి

బెంగళూరులో చిన్న స్వచ్ఛంద సంస్థలు నడుపుతున్న మిత్రులకు ఒక హెచ్చరిక. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి దగ్గరపడుతోంది. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు మన గడప తొక్కే కాలమిది. సంతకం పెట్టేలోగా మాకు జరిగింది చదవండి.

మాది భవన నిర్మాణ కూలీల పిల్లలకు చదువు చెప్పే సంస్థ. కర్నూలు, అనంతపురం, రాయచూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలే ఎక్కువ. సర్జాపుర రోడ్డు, వర్తూరు చుట్టుపక్కల రేకుల షెడ్ల మధ్య మా కేంద్రాలున్నాయి. నిరుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక స్టార్టప్ మాలాంటి వారి కోసమే తయారుచేశామంటూ, సంస్థ లెక్కలన్నీ ఒకే తెర మీద బొమ్మలుగా చూపే ఒక డ్యాష్‌బోర్డు చూపించింది. రంగురంగుల వృత్తాలు, పైకి ఎగబాకే గీతలు. దాతలు ఒక్క చూపులో మీ పనంతా చూస్తారన్నారు. ట్రస్టీలు ముచ్చటపడ్డారు, నేనూ పడ్డాను. ఏడాదికి లక్షా ఎనభై వేలు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ. ఆ పన్ను మాకు తిరిగి రాదు. విదేశీ విరాళాల్లో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదని 2020లో చట్టాన్ని సవరించాక ఇలాంటి మొత్తం కూడబెట్టడం ఎంత కష్టమో మీకు తెలుసు.

వాళ్లు చూపించినదంతా సొంత నమూనా లెక్కలతో. మా రిజిస్టరు ఇచ్చి దీన్ని ఎక్కించి చూపండి అని అడగకపోవడం మేము చేసిన పెద్ద తప్పు.

లక్ష్మి అనే పాప ఉంది. మేస్త్రీ ఎక్కడికి పిలిస్తే తల్లిదండ్రులు అక్కడికి వెళతారు కాబట్టి ఏడాదిలో మా మూడు కేంద్రాల్లో చదివింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి. ఒక టీచరు ఆ పేరును ఎక్స్ అక్షరంతో రాసింది, ఇంకొకామె కె, ఎస్, హెచ్‌లతో, మూడో ఆవిడ చివర ఐ బదులు వై పెట్టింది. తెర మీద ముగ్గురు లక్ష్ములు తేలారు. ఇలా 262 మంది పిల్లలు 340 అయ్యారు. ఆ అంకెతోనే దాతకు నివేదిక పంపాం. తప్పు మేమే పట్టుకుని క్షమాపణ ఉత్తరం రాసుకున్నాం.

నన్ను ఇప్పటికీ బాధించేది ఇంకొకటి. పిల్లల గురించి నాలుగు మాటలు రాయడానికి ఒక గడి ఉండేది. టీచర్లు తెలుగులోనో కన్నడంలోనో రాసేవారు. 'పాపకు నల్లబల్ల మీది అక్షరాలు కనబడడం లేదు, కళ్లు చూపించాలి' అని ఒక టీచరు రాసిన మాటలు ఆఫీసులో నేను తెరిచి చూస్తే వరసగా ప్రశ్నార్థకాలు. ఆ డేటాబేసు మన లిపిని దాచుకునేలా కట్టలేదట. పోయిన అక్షరాలు మళ్లీ రావన్నారు. ఆ పాపకు కళ్లద్దాలు నాలుగు నెలలు ఆలస్యమయ్యాయి.

ఇక సిగ్నల్ లేని షెడ్లలో హాజరు ఎక్కకపోవడం రోజువారీ గొడవ.

రెన్యువల్‌కు ధర రెట్టింపు అడిగారు. వద్దు, మా సమాచారం మాకివ్వండి అంటే బొమ్మలున్న పీడీఎఫ్ పంపారు. ముడి సమాచారానికి వేరే రుసుమట. పిల్లల ఫొటోలు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు ఏ సర్వరులో ఉన్నాయి, ఎప్పుడు చెరిపేస్తారు అని మూడుసార్లు రాశాను, జవాబు లేదు. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. మన తరఫున ఇంకొకరు దాచినా బాధ్యత మనదే.

ఇప్పుడు ప్రతి పిల్లకూ ఒక సంఖ్య ఇచ్చి, కార్డు మీద రాసి తల్లి చేతికిస్తున్నాం. వివరాలు ఓడీకే అనే ఫోను యాప్‌తో నింపుతున్నాం. అది నెట్ లేకపోయినా పనిచేస్తుంది, తెలుగూ కన్నడమూ చక్కగా తీసుకుంటుంది. కోబోటూల్‌బాక్స్ కూడా ఇలాంటిదే. గీతలూ వృత్తాలూ కావాలంటే మెటాబేస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా వాడుకునే రకం ఉంది, కాకపోతే దాన్ని అమర్చిపెట్టే మనిషి కావాలి.

అయినా కొనాలనుకుంటే మీ కేంద్రంలోని టీచరును పక్కన కూర్చోబెట్టుకుని, ఫోనులో నెట్ ఆపేసి, ఒక నెల రిజిస్టరు ఎక్కించి చూడండి. ఒప్పందం ఇప్పటికే మీ బల్ల మీద ఉంటే, సమాచారమంతా అడిగిన వారంలో ఎక్సెల్‌లో తెరుచుకునేలా ఉచితంగా ఇస్తామన్న వాక్యం అందులో ఉందో లేదో ఈ రోజే వెతకండి. లేకపోతే రాయించాకే డబ్బు కట్టండి.