చిగురు గాయానికి క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్: వారం రోజుల వాడకం

సంక్రాంతికి వండిన సకినం ముక్క ఒకటి కింది చిగురులో గుచ్చుకుని, మూడో రోజుకల్లా అక్కడ తెల్లటి పొర కట్టి, మెతుకు తగిలినా కళ్ళలో నీళ్ళు తిరిగేంత మంట పెట్టింది. హైదరాబాద్ చిక్కడపల్లిలో మాకు తెలిసిన దంతవైద్యురాలు చూసి, గాయం పైపైనే ఉందని, బ్రష్ తగిలించలేని ఈ కొద్ది రోజులు అక్కడ పాచి చేరకుండా చూసుకుంటే చాలునని చెప్పి, 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ గ్లూకోనేట్ అనే క్రిమినాశక మందు ఉన్న మౌత్‌వాష్‌ను వారానికి రాసిచ్చారు.

లోగడ నోరు పూసినప్పుడు ఆల్కహాల్ కలిసిన మౌత్‌వాష్ పోసుకుని, ఆ మంటకు తాళలేక వెంటనే ఉమ్మేసిన అనుభవం ఉండడంతో, ఈసారి అట్ట మీద చదివి ఆల్కహాల్ లేనిదే తీసుకున్నాను. ఇది మండలేదు. మూత లోపలి గీత వరకు, అంటే 10 మి.లీ., ఉదయం, రాత్రి నిమిషం సేపు పుక్కిలించి ఉమ్మాను. మూడో రోజుకు పొర పలచబడింది, అయిదో రోజుకు అన్నం కలుపుకుని ఆ వైపు కూడా నమలగలిగాను. అయితే ఇంత చిన్న గాయం వారం, పది రోజుల్లో దానంతట అదే మానుతుంది కనుక, మాన్పిన ఘనతంతా మందుదేనని నేను చెప్పను. పుండు మీద సూక్ష్మక్రిములు పెరగకుండా అది కాపలా కాస్తుంది, అంతే.

మందుల దుకాణంలో పళ్ళు తోముకున్న వెంటనే వాడమన్నారు. అది పొరపాటు సలహా. పేస్టులో నురగ కోసం కలిపే పదార్థం క్లోర్‌హెక్సిడిన్ పనిని దెబ్బతీస్తుంది కనుక, రెంటికీ నడుమ కనీసం అరగంట ఎడం ఉండాలని వైద్యురాలు వివరించారు. పుక్కిలించాక అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు.

ఈ మందు పళ్ళను, నోటి లోపలి పొరను అంటిపెట్టుకుని గంటల తరబడి పనిచేస్తుంది. రోజుకు రెండుసార్లు సరిపోవడానికీ, పళ్ళకు గార పట్టడానికీ కారణం ఆ గుణమే. సాయంత్రం ఇరానీ చాయ్ మానలేకపోయాను. ఆరో రోజుకు కింది ముందుపళ్ళ వెనుక గోధుమరంగు చార తేలింది. ఎంత తోమినా పోలేదు, క్లీనింగ్ చేయించుకోవాలి. నాలుకకు ఉప్పు కూడా సరిగా తెలియలేదు: పప్పుచారు చప్పగా ఉందనుకుని ఉప్పు వేస్తే, ఇంట్లో వాళ్ళు తినలేకపోయారు.

వేడి చాయ్‌కి అంగిలి పొక్కినంత మాత్రానికి దీన్ని కొనవద్దని నా మనవి. గ్లాసు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే అందుకు చాలు. పొవిడోన్ అయోడిన్ అనే మరో క్రిమినాశక మందు ఉన్న మౌత్‌వాష్ గొంతుకు మంచిదే గానీ, థైరాయిడ్ జబ్బు ఉన్నవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా ముట్టరాదు. మింగకుండా ఉమ్మడం రాని పిల్లలకు ఏ మౌత్‌వాషూ వద్దు. రెండు మూడు వారాలు దాటినా మానని పుండును, ముఖ్యంగా గుట్కా, జర్దా నమిలేవారి నోట్లోని తెల్ల, ఎర్ర మచ్చలను మౌత్‌వాష్‌తో కప్పిపెట్టుకుంటూ కాలం గడపడం ప్రమాదం. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలోనైనా వెంటనే చూపించుకోవాలి.

నేను కొన్న 150 మి.లీ. సీసా వారానికి సరిపోయింది. ఏడో రోజు రాత్రితో ఆపేశాను, మరొకటి కొనలేదు.