దోసె తిని ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంటికి

న్యూయార్క్‌లో జాజ్ వినాలంటే మన్‌హాటన్‌లోనే దిగాలని ఎవరో అంటే నమ్మి, మొదటి రెండు రాత్రులకు టైమ్స్ స్క్వేర్ దగ్గర ఒక హోటల్ తీసుకున్నాం. సూట్‌కేస్ తెరిస్తే ఇక నడవడానికి చోటుండదు, మంచమెక్కి అటువైపు దిగాల్సిందే. బుక్ చేసినప్పుడు మా కంటపడని ‘ఫెసిలిటీ ఫీజు’ ఒకటి ఖాళీ చేసేటప్పుడు తగిలించారు. ఏం ఫెసిలిటీ బాబూ అంటే జిమ్ ఉందన్నారు. మేమెప్పుడు జిమ్‌కెళ్లాం!

ఆ రాత్రి వెళ్లిన క్లబ్బూ అదే తంతు. స్తంభం వెనక కుర్చీ, టికెట్ కాక మనిషికింత తినాలి తాగాలి అని లెక్క, డ్రమ్స్ వాయించేవాడు ఊపు మీదుండగా బిల్లు పట్టుకుని వెయిటర్. వాయించినవాళ్లను మాత్రం వంక పెట్టలేం.

రెండో రాత్రి విలేజ్ వాన్‌గార్డ్‌కి వెళ్లాం. 1935లో పెట్టినది. మెట్లు దిగి వెళ్లే నేలమాళిగ, ఇరుకే కానీ ఎక్కడ కూర్చున్నా శబ్దం నేరుగా గుండెకొచ్చి తగులుతుంది. సాక్సఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ 1961లో రికార్డు చేసింది ఇక్కడే. ఫోన్లు తీయొద్దంటారు, అది నాకు భలే నచ్చింది. న్యూజెర్సీలో ఎడిసన్ అనే ఊళ్లో ఉండే మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, కూడా వచ్చాడు, వాడికి ఈ చరిత్రంతా కంఠతా. ఇంటర్వెల్‌లో కాబరే కార్డు గురించి చెప్పాడు. ఈ ఊళ్లో మందు అమ్మే క్లబ్బుల్లో పాడాలన్నా వాయించాలన్నా ఒకప్పుడు పోలీసులిచ్చే కార్డు ఉండాలట. జాజ్ గాయని బిల్లీ హాలిడే డ్రగ్స్ కేసులో 1947లో జైలుకెళ్లింది, కార్డు పోయింది. బయటికొచ్చాక 1948లో కార్నెగీ హాల్‌లో పాడితే హాలు నిండిపోయింది, కానీ పక్క వీధిలో చిన్న క్లబ్బులో పాడటానికి మాత్రం వీల్లేదు! 44 ఏళ్లకే పోయింది. పియానో వాయించే థెలోనియస్ మంక్‌కి 1951 నుంచి ఆరేళ్లు ఇదే గతి. రోజువారీ కూడు క్లబ్బుల్లోనే పుట్టే మనిషికి అది ఎంత దెబ్బో ఆలోచించండి.

హార్లెమ్‌లో అపోలో థియేటర్ బయట నుంచే చూశాం. తర్వాత పెద్ద జాజ్ గాయని అయిన ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 1934లో 17 ఏళ్లప్పుడు కొత్తవాళ్ల పోటీలో డాన్స్ చేద్దామని వచ్చి, తనకంటే ముందు ఆడిన అక్కచెల్లెళ్లను చూసి బెదిరిపోయి, పాట పాడి గెలిచింది ఇక్కడే. సోల్ సంగీతం అంటే ఇష్టమున్నవాళ్లకు గాయకుడు జేమ్స్ బ్రౌన్ సంగతి: 1962లో ఇక్కడి తన ప్రోగ్రామ్ రికార్డు చేయడానికి కంపెనీ ముందుకు రాకపోతే సొంత డబ్బు పెట్టుకున్నాడు, ఆ రికార్డు విరగబడి అమ్ముడుపోయింది.

మూడో రోజు మకాం క్వీన్స్‌లోని ఫ్లషింగ్‌కి మార్చాం. నన్నడిగితే మొదటి నుంచీ ఇక్కడే దిగాల్సింది. గది పెద్దది, అద్దె తక్కువ, పొద్దున్నే బౌన్ స్ట్రీట్ గణేశుడి గుడి, కింద క్యాంటీన్‌లో దోసె. పేపర్ ప్లేటే కానీ దోసె అంచు కరకరలాడింది, సాంబారు మాత్రం నా నాలుక్కి తీపి.

అక్కడి నుంచి జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు, గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇల్లు, ఇప్పుడది మ్యూజియం, 7 నంబరు రైల్లో మూడో స్టేషనే, 103వ స్ట్రీట్‌లో దిగాలి. మేం తొందరలో ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాం, అది ఆ స్టేషన్లో ఆగకుండా జంక్షన్ బులవార్డ్‌కి తీసుకుపోయింది, టూర్ టైము దాటిపోతుందేమోనని ఒకటే టెన్షన్. పొద్దున వెళ్లేవాళ్లు లోకలే ఎక్కండి. టికెట్ ముందే తీసుకోండి, వారమంతా తెరిచి ఉండదు.

కరోనా అనే ఆ పేట ఇప్పుడు ఎక్కువగా స్పానిష్ మాట్లాడేవాళ్లది. మామూలు వీధి, మామూలు ఇటుక ఇల్లు. 1943లో ఆయన టూర్లో ఉండగా భార్య లూసిల్ కొన్నది. తిరిగొచ్చినప్పుడు ఆ అడ్రసుకి టాక్సీ తెస్తే, హాస్యాలాడకు, అసలు చోటుకి పద అని డ్రైవర్‌తో అన్నాడట. లోపలికెళ్లి చూసుకున్నాక డ్రైవర్‌నే భోజనానికి పిలిచాడని ఆయనే రాసుకున్నాడు.

వంటగది మొత్తం నెమలికంఠం రంగు, మా ఆవిడ అక్కడి నుంచి కదలలేదు. బాత్రూమ్ గోడలకు అద్దాలు, బంగారు రంగు కుళాయిలు. మేడమీద గదిలో టేప్ రికార్డర్లు గోడలోకే అమర్చి ఉన్నాయి. మాటలు, జోకులు, సాధన, ఇంటికొచ్చినవాళ్ల కబుర్లు, అన్నీ టేపుల కెక్కించి, ఆ డబ్బాల మీద ఫొటోలు కత్తిరించి అంటించేవాడు. గైడ్ ఒక మీట నొక్కితే ఆ గదిలోనే ఆ గొంతు, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే. ఎన్ని క్లబ్బులు తిరిగినా ఇంత దగ్గరగా వినలేదు.

మాతో వచ్చిన తమ్ముడు, ఆ పిన్ని కొడుకే, సన్నాయి వాయించే కుటుంబంలోకి అల్లుడుగా వెళ్లాడు, వాడి కళ్లెప్పుడూ ఊది వాయించేవాళ్ల పెదవుల మీదే. ఆర్మ్‌స్ట్రాంగ్ పెదవులు చిట్లి, మానిన చోటే మళ్లీ చిట్లి మచ్చలు కట్టాయి, అయినా ఏడాది పొడుగునా ఊళ్లు తిరిగి వాయించాడు. 62 ఏళ్ల వయసులో, 1964లో, ‘హలో డాలీ’ పాటతో బీటిల్స్‌ని అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానం నుంచి దింపాడు.

“ఇంత సంపాదించి ఇక్కడే ఎందుకుండిపోయాడన్నయ్యా?” అన్నాడు వాడు. నేను జవాబు చెప్పేలోపే గైడ్ గుమ్మం ముందు మెట్లు చూపించింది, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ట్రంపెట్‌తో ఆయన ఫొటో దిగిన మెట్లవి. 1971 జూలై 6న ఈ ఇంట్లోనే పోయాడు.

సమాధి ఫ్లషింగ్ శ్మశానంలో ఉంది, ఇంకో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు డిజీ గిలెస్పీదీ అక్కడే. సాయంత్రమైపోయింది, వెళ్లలేదు. తిరుగు రైలు ఎక్కేముందు మా ఆవిడ రెండుసార్లు అడిగింది, “ఇది లోకలేనా?”