మా అమ్మ వెళ్ళిన చర్చి కంప్యూటర్ క్లాసు

మీ అమ్మానాన్నలు ఆరు నెలలకని అమెరికా వచ్చారా, మీరు ఆఫీసు పనిలో పడ్డాక వాళ్ళకు పొద్దు గడవడం లేదా? దగ్గర్లో ఏదైనా చైనీస్ చర్చిలో పెద్దవాళ్ళకు కంప్యూటర్ క్లాసులు చెప్తున్నారేమో ఒకసారి కనుక్కోండి. ఇక్కడ ఫ్రీమాంట్‌లో మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న చర్చికి మా అమ్మ ఎనిమిది శనివారాలు వెళ్ళింది. పొద్దున పదింటి నుంచి పన్నెండింటి దాకా క్లాసు, మొత్తం కోర్సుకు 20 డాలర్లు. పోయిన వారమే అయిపోయింది.

గేటు దగ్గర బోర్డు మీద ‘పెద్దలకు, చైనీస్ భాషా టీచర్లకు కంప్యూటర్ క్లాసులు’ అని ఉంటే, అది వాళ్ళవాళ్ళకే అనుకుని నేను పట్టించుకోలేదు. అమ్మే అడిగింది, “పెద్దలకు అని రాశారు కదే, ఓసారి ఫోన్ చేసి కనుక్కోరాదూ” అని. చేస్తే ఎవరైనా రావచ్చన్నారు. వీసా సంగతి కూడా చూశాను, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు క్రెడిట్లు లేని ఇలాంటి చిన్న కోర్సులకు సరదాగా వెళ్ళొచ్చు. చర్చి అనేసరికి మా అత్తగారు కొంచెం సందేహించారు కానీ, అమ్మ చదివింది గుంటూరు ఏసీ కాలేజీలో, 1885లో మిషనరీలు పెట్టిన కాలేజీ అది, కాబట్టి తనకు కొత్తేమీ అనిపించలేదు. క్లాసు మొదట్లో అర నిమిషం ప్రార్థన ఉంటుంది, మనం ఊరికే కూర్చోవచ్చు. ఆ తర్వాత ఎనిమిది వారాల్లో మతం మాట ఎవరూ ఎత్తలేదు.

క్లాసులో పదిహేను మంది. సగం మంది అదే చర్చిలో శనివారం మధ్యాహ్నం పిల్లలకు చైనీస్ నేర్పే టీచర్లు, అరవై దాటినవాళ్ళే ఎక్కువ. చెప్పడం బాగా వచ్చు కానీ వర్క్‌షీట్లు కంప్యూటర్లో చేసుకోవడం రాదు, అందుకే ఈ క్లాసు పెట్టారట. మా అమ్మ తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండిట్‌గా చేసి రిటైరైంది. ఆ సంగతి తెలిశాక ఆ టీచర్లు తనని తమ వరసలోనే కూర్చోబెట్టుకున్నారు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఒకటుంది. చెప్పే ఆయన రిటైరైన ఇంజినీరు, సాయానికి ఇద్దరు హైస్కూలు పిల్లలు. ముగ్గురిలో ఎవరూ నేర్చుకునేవాళ్ళ మౌస్ ముట్టుకోరు. పక్కన నిలబడి నోటితో చెప్తారు, వేలితో స్క్రీన్ చూపిస్తారు, అంతే. ఒక ఫైల్ సేవ్ చేయడానికి అమ్మకు మొదటిరోజు ఇరవై నిమిషాలు పట్టినా ఆ పిల్లాడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే ఉన్నాడు, అది నేను కళ్ళారా చూశాను. ఇన్నేళ్ళుగా అమ్మ ఏదైనా అడిగితే “ఇటివ్వు, నేను చేసేస్తా” అని ఫోన్ తీసుకున్నదాన్ని నేను, నా తర్వాత నా తమ్ముడు. పదేళ్ళు స్మార్ట్‌ఫోన్ వాడి కూడా అమ్మకు ఏదీ రాకపోవడానికి కారణం మేమేనని ఆ రోజు అర్థమై చాలా బాధేసింది.

నాలుగో వారం టైపింగ్. అమ్మకు ఒక పక్క తైపీ నుంచి వచ్చిన ఆవిడ, ఇంకో పక్క చెంగ్డూ నుంచి వచ్చినావిడ. చెంగ్డూ ఆవిడకు పిన్యిన్ చిన్నప్పటి నుంచీ వచ్చు, అంటే చైనీస్ పలుకుబడిని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి, చైనాలో 1958 నుంచీ అదే. తైవాన్‌లో మాత్రం పిల్లలకు బొపొమొఫొ అని 37 గుర్తులు వేరే నేర్పుతారు, కాబట్టి ఆ తైపీ ఆవిడ ఈ వయసులో పిన్యిన్ కొత్తగా నేర్చుకుంటోంది. ‘మా’ అని కొడితే కింద వరసగా అక్షరాలు వస్తాయి, స్వరాన్ని బట్టి అమ్మ, జనపనార, గుర్రం, తిట్టడం, వాటిలో కావలసింది ఏరుకోవాలి. అది చూసి మా అమ్మ ఆ ఇంజినీరుని అడిగింది, మా తెలుగుకు ఇలాంటిది ఉందా అని. ఆయనకు తెలుగు గురించి ఏమీ తెలియదు, అయినా అక్కడే కూర్చుని సెట్టింగ్స్‌లో వెతికి తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ పెట్టించాడు. విండోస్‌లో 2019 నుంచీ ఉందట, ఇంట్లో నేనుండి కూడా అమ్మకు ఎప్పుడూ చూపించలేదు.

అమ్మ కొట్టిన మొదటి మాట ‘ప్రశ్నపత్రం’. ఎందుకంటే సర్వీసంతా ప్రశ్నపత్రాలు చేత్తో రాసి తెనాలిలో డీటీపీ షాపుకు ఇచ్చేది, వాళ్ళు ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో కొట్టి ఇస్తే ఒత్తులు, దీర్ఘాలు తప్పులు దిద్ది మళ్ళీ తిప్పి పంపేది, రెండు మూడు సార్లు తిరిగితే గానీ కాగితం సరిగ్గా వచ్చేది కాదు.

ఆరో వారం టీచర్ల కోసమని టేబుల్స్ నేర్పారు. కింద గడిలో చైనీస్ అక్షరం, పై గడిలో దాని పిన్యిన్, పిల్లలకు ఇచ్చే వర్క్‌షీట్ అలా ఉంటుంది. అమ్మ అదే టేబుల్లో ఉత్పలమాల గణవిభజన చేసింది. ఇరవై గడులు, కింద పద్యపాదంలోని అక్షరాలు, పైన గురువుకు యూ, లఘువుకు ఐ, భ ర న భ భ ర వ సరిగ్గా కుదిరాయి. ప్రింట్ తీసి ఇంటికి తెచ్చి నా చేతికిచ్చింది. నాకు ఛందస్సు నేర్పింది అమ్మే, అయినా ఆ కాగితం చూసి కళ్ళనీళ్ళు తిరిగాయి.

మోసాల గురించి చెప్పిన వారం కూడా చాలా పనికొచ్చింది. చైనీస్ కాన్సులేట్ నుంచి అంటూ, మీ పేరు మీద పార్సిల్ పట్టుబడిందంటూ బెదిరించే కాల్స్ గురించి ఒకాయన చెప్తుంటే, అమ్మ లేచి మన దగ్గర డిజిటల్ అరెస్ట్ పేరుతో సీబీఐ వేషంలో చేసే వీడియో కాల్స్ గురించి తనకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పిందట. రెండింటి కథా ఒకటే. ఇండియాలో అలాంటిది జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలని అమ్మ ఇప్పుడు ఊళ్ళో తన స్నేహితురాళ్ళందరికీ చెప్తోంది, తెలుగులో టైప్ చేసి మరీ.

ఇక లోపాలు. కొన్ని కంప్యూటర్లలో ఇంకా విండోస్ 10 ఉంది, దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. బ్యాంకు వెబ్‌సైట్లలో లాగిన్ అవడం నేర్పే చోట ఇది సరికాదు, నేను వాళ్ళతో చెప్పాను, మారుస్తామన్నారు. క్లాసు ఇంగ్లీషులోనే అన్నారు కానీ సందేహాలు వచ్చినప్పుడల్లా చర్చ మాండరిన్‌లోకి వెళ్ళిపోతుంది, మధ్యలో చేయెత్తి ఇంగ్లీషులో చెప్పమని అడగాలి, మొదటి రెండు వారాలు అమ్మ మొహమాటపడి చాలా పోగొట్టుకుంది. వైఫై అంతంతమాత్రం. తర్వాతి బ్యాచ్ ఎప్పుడో చైనీయులు వాట్సాప్‌లా వాడే వీచాట్ గ్రూపులోనే పెడతారు, మనం ఫోన్ చేసి అడగాల్సిందే. పన్నెండు దాటితే చైనీస్ స్కూలుకు పిల్లల్ని దింపే కార్లతో పార్కింగ్ నిండిపోతుంది, వాళ్ళను తీసుకురావడానికి పావుగంట ముందే వెళ్ళి ఉండండి.

పంపేటప్పుడు చదివే కళ్ళద్దాలు, ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపండి. హ్యాండౌట్లలో అక్షరాలు చాలా చిన్నవి, ఇక ఆ కంప్యూటర్లలో సేవ్ చేసినవన్నీ కోర్సు అవగానే తుడిచేస్తారు. అమ్మవి పద్నాలుగు పేజీలు, ఆఖరి రోజు గుర్తొచ్చి కాపీ చేసుకుంది, తనే.