రీలు బొమ్మ, డిజిటల్ బొమ్మ

ఒంగోలు, కావలి హాళ్లలో ఒకప్పుడు సినిమా అంటే డబ్బాల్లో వచ్చిన 35 ఎం.ఎం. ప్రింటు. సెకనుకు 24 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు. 2000 అడుగుల రీలు 22 నిమిషాలకే అయిపోతుంది. అందుకే రెండు ప్రొజెక్టర్లు, ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఆపరేటర్‌కు టెన్షన్. ఆడేకొద్దీ గీతలు పడేవి. ఊళ్లన్నీ తిరిగొచ్చిన ప్రింటయితే తెరంతా వానే!

డిజిటల్‌లో ఆ బాధ లేదు. ఫైలు హార్డ్‌డిస్కులోనో శాటిలైట్ ద్వారానో వస్తుంది, నూరో ఆటకూ బొమ్మ అరగదు. నెల్లూరుతో పాటే కనిగిరిలోనూ విడుదల చేయడం తేలికైంది. తెరమీద చూడ్డానికి నా ఓటు దీనికే.

దాచుకోవడానికి మాత్రం ఫిల్మే నయం. చల్లగా, పొడిగా ఉంచితే దశాబ్దాలు నిలుస్తుంది. హార్డ్‌డిస్కును అలా వదిలేస్తే నమ్మలేం, కొన్నేళ్లకోసారి కొత్తదానిలోకి కాపీ చేసుకోవాల్సిందే.