సినిమానా, సీరియలా?

కావలిలో మా అక్క కొడుకు డిగ్రీ అవగానే డైరెక్షన్ అంటున్నాడు. "మామా, సినిమాలకి పోవాలా, సీరియల్స్‌కా?" అని నన్నే అడిగాడు.

సీరియల్‌లో పని ఆగదు. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా ఇరవై నిమిషాల పైచిలుకు కథ రోజూ సిద్ధంగా ఉండాలి. చేయి తొందరగా తిరుగుతుంది, డబ్బులూ కాస్త నిలకడగా వస్తాయి. కాకపోతే టీఆర్పీ పడిందంటే కథే మారిపోతుంది, పగ్గాలు ఛానల్ చేతిలో ఉంటాయి.

సినిమాలో ఎదురుచూపే ఎక్కువ. మన ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావుగారు 'మాయాబజార్' (1957)కి కె.వి.రెడ్డిగారి దగ్గర సహాయకుడిగా పనిచేశారు. దర్శకుడిగా తొలి సినిమా మాత్రం 1972లో. పదిహేనేళ్లు! మాటల్లేని 'పుష్పక విమానం' తీసింది ఇంకో పదిహేనేళ్లకి, 1987లో. ప్రకాశం జిల్లా టి.కృష్ణగారికి అంత వ్యవధే దొరకలేదు. 'నేటి భారతం' 1983లో వస్తే, 1986లో ఆయనే లేరు. ఆ మూడేళ్లలోనే 'ప్రతిఘటన' కూడా తీశారు.

"ముందు రెండేళ్లు సీరియల్ యూనిట్‌లో చెయ్యరా, పని వస్తుంది" అన్నాను. వాడికి సినిమానే కావాలట. అక్కేమో బ్యాంకు పరీక్షలు రాయమంటోంది.