కుకీ పెట్టెను దాచడమా, కాదని చెప్పించడమా: ఏది మేలు?

విజయనగరంలో గంటస్తంభానికి కాస్త ఎడంగా ఉన్న మా నెట్ సెంటరులో ఆరు కంప్యూటర్లు ఉన్నాయి. ఒకరు లేచి వెళ్లగానే బ్రౌజరు మూసి, అందులోని చరిత్రనూ కుకీలనూ (సైట్లు మనల్ని గుర్తుపట్టడానికి బ్రౌజరులో దాచే చిన్న ఫైళ్లను) పూర్తిగా తుడిచిన తరువాతే మరొకరిని కూర్చోబెడతాను. ఇక్కడికి వచ్చేవారు బ్యాంకు ఖాతాలు చూసుకుంటారు, ఆధార్ దింపుకుంటారు, ఉద్యోగ దరఖాస్తులు నింపుతారు. ఒకరి ఆనవాలు మరొకరి కంటబడకూడదు. అయితే ఈ జాగ్రత్త వల్లనే ఒక చిక్కు వచ్చిపడింది. కుకీలు వద్దని మనం ఒక సైటుకు చెబితే, ఆ మాటను ఆ సైటు గుర్తుంచుకునేది సాధారణంగా మరొక కుకీలోనే. తుడిచినప్పుడల్లా ఆ ‘వద్దు’ కూడా తుడిచిపెట్టుకుపోతుంది, తరువాత కూర్చున్న మనిషికి ‘కుకీలకు ఒప్పుకుంటారా’ అని అడిగే అదే పెట్టె మళ్లీ మొదటినుంచి అడ్డం వస్తుంది.

ఈ బాధ ఎక్కువగా పడేది విదేశీ చదువుల కోసం వచ్చే పిల్లలే. మొన్న వేసవిలో నెల్లిమర్ల నుంచి వచ్చిన ఒక అమ్మాయి జర్మనీ, ఐర్లాండ్ విశ్వవిద్యాలయాల పేజీలు వరుసగా తెరుస్తూ ఉంటే నేను పక్కనే నిలబడి చూశాను. పేజీ తెరుచుకోగానే తెరలో సగానికి పైగా పెట్టె కమ్మేస్తుంది. అందులో ‘యాక్సెప్ట్ ఆల్’ అనేది నిండు నీలిరంగు బొత్తాము. దాని కింద పలుచని బూడిదరంగు అక్షరాలతో ‘సెట్టింగ్స్’ అని ఉంటుంది, అది నొక్కవచ్చునని కూడా తోచదు. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు చాలు. కాదనాలంటే ముందు సెట్టింగ్స్ తెరిచి, ఒక్కొక్క మీటనూ ఆపి, కిందిదాకా జరిపి, ‘సేవ్’ వెతికి పట్టుకోవాలి. మూడు పేజీల దాకా ఓపిక పట్టిన ఆ అమ్మాయి నాలుగో పేజీలో నీలం బొత్తాము నొక్కి, నావైపు తిరిగి, “నొక్కీసినాను మాస్టారూ, ఏటైనా అవుతాదా?” అని అడిగింది. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలన్న పట్టుదలతోనే నేను ఈ పెట్టెలను ఆపే పద్ధతులను ఒక్కొక్కటిగా మా కంప్యూటర్లలో పెట్టి చూశాను.

ముందు ఈ పెట్టె ఎందుకు వస్తుందో తెలియాలి, ఎందుకంటే ఏది మేలన్నది దానిమీదే ఆధారపడి ఉంది. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మోంటుల్లి కుకీని రూపొందించినప్పుడు, కొనదలచిన వస్తువుల బుట్టను సైటు గుర్తుంచుకోవడం వంటి పనులకే దానిని ఉద్దేశించారు. లాగిన్ నిలబడడానికి నేటికీ అదే ఆధారం. ప్రకటనల సంస్థలు అదే పరికరంతో మనిషిని సైటు నుంచి సైటుకు వెంబడించడం మొదలుపెట్టాక ఐరోపా సమాఖ్య 2002 నాటి తన ఆదేశాన్ని 2009లో సవరించి, అవసరం లేని కుకీలకు ముందుగా అనుమతి తీసుకోవాలని చెప్పింది. 2018 మే 25న అమలులోకి వచ్చిన ఐరోపా డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ఆ అనుమతి ఎలా ఉండాలో కట్టుదిట్టం చేసింది. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి అనుమతి కిందికి రాదని ఐరోపా న్యాయస్థానం 2019 అక్టోబరు 1న తేల్చింది. ఒప్పుకోవడం ఎంత సులువో కాదనడం కూడా అంతే సులువుగా ఉండాలన్న కారణంతో ఫ్రాన్సు గోప్యతా సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా విధించినట్టు ప్రకటించింది.

వీటన్నిటి సారం ఏమిటంటే, ఐరోపా చట్టం దృష్టిలో మౌనం అంగీకారం కాదు. పెట్టెకు జవాబే ఇవ్వకుండా ఊరుకున్న మనిషి కాదన్నట్టే లెక్క. కాని ఈ లెక్క విజయనగరంలో కూర్చున్న మనకు అన్నిచోట్లా వర్తించదు. ఐరోపా బయటి సైట్లు అనేకం చూసేవారి దేశాన్ని బట్టి పెట్టెను మారుస్తాయి. అక్కడివారికి రెండు బొత్తాములు చూపించే సైటే మనకు ‘మీరు కొనసాగితే ఒప్పుకున్నట్టే’ అనే ఒక్క వాక్యం చూపించవచ్చు, లేదా ఏమీ చూపించకుండానే కుకీలు పెట్టవచ్చు. అటువంటి చోట పెట్టెను కంటికి కనబడకుండా చేస్తే మన విసుగు పోతుంది గాని వెంబడింపు ఆగదు. పద్ధతులను పోల్చేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: పెట్టె పోయిన తరువాత మన తరఫున సైటుకు చేరిన మాట ఏమిటి?

ఆ ప్రశ్న ముందు అన్నిటికంటే త్వరగా ఓడిపోయేది ‘ఐ డోంట్ కేర్ అబౌట్ కుకీస్’ అనే, బ్రౌజరుకు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాము, అంటే ఎక్స్‌టెన్షన్. చాలామంది మొదట దీనినే పెట్టుకుంటారు. అది వీలైనంతవరకు పెట్టెను దాచుతుంది. దాచితే సైటు పనిచేయదనుకున్న చోట మన తరఫున ఒప్పేసుకుంటుంది, అదీ ఏది సులువైతే అది, అంటే ఒక్కొక్కసారి అన్నిటికీ. ఈ సంగతిని దాని తయారీదారులే దాపరికం లేకుండా చెబుతారు. 2022లో దానిని అవాస్ట్ సంస్థ కొనుగోలు చేసింది. నచ్చనివారు ‘ఐ స్టిల్ డోంట్ కేర్ అబౌట్ కుకీస్’ పేరుతో వేరుపడి నడుపుతున్నారు గాని పనితీరు అదే. ఆ అమ్మాయి నాలుగో పేజీలో నొక్కిన నీలం బొత్తామునే మన వెనుక నిలబడి మరొకరు నొక్కడం నాకు సమ్మతం కాదు.

నిజమైన పోటీ మిగిలిన రెండింటి మధ్య ఉంది: యూబ్లాక్ ఆరిజిన్, కన్సెంట్-ఓ-మాటిక్.

యూబ్లాక్ ఆరిజిన్ ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్‌గానే అందరికీ తెలుసు. దాని సెట్టింగులలో ఫిల్టర్ లిస్టుల (ఏవి ఆపాలో చెప్పే జాబితాల) పేజీకి వెళితే ‘కుకీ నోటీసెస్’ అనే విభాగం ఉంటుంది. అది పెట్టుకోగానే పనిచేయదు, మనమే టిక్కు పెట్టాలి. టిక్కు పెట్టిన తరువాత చాలా సైట్లలో పెట్టెను తెచ్చే స్క్రిప్టు అసలు దిగదు, దిగినా కనబడదు. దీనివల్ల పేజీ తేలికపడుతుంది. సిగ్నలు అంతంతమాత్రంగా అందే ఊళ్లలో ఫోను డేటా మీద ఆధారపడినవారికి ఇది చిన్న లాభం కాదు. దీని లోపం నేను పైన చెప్పినదే: సైటుకు ఏ జవాబూ చేరదు. మరొక లోపం, పెట్టె పోయినా దాని తాళం మిగిలిపోవడం. ఒక దరఖాస్తు పేజీలో పెట్టె కనబడలేదు గాని పేజీ కిందికి జరగనే లేదు. గడువుకు గంట మిగిలి ఉండగా ఒక కుర్రవాడు మౌసు చక్రం తిప్పుతూ కంగారుపడిపోయాడు. బ్రౌజరు మూలనున్న యూబ్లాక్ గుర్తు తెరిచి, ఆ ఒక్క సైటుకు ఆపివేసి, పేజీని మళ్లీ తెప్పించడంతో పని జరిగింది. ఈ కిటుకు తెలియని మనిషికి ఈ పద్ధతిని అప్పగించి ఊరుకోకూడదని అప్పుడే నాకు అర్థమైంది.

కన్సెంట్-ఓ-మాటిక్ దారి వేరు. డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తయారుచేసిన ఈ ఎక్స్‌టెన్షన్ పెట్టెను దాచదు, దానికి జవాబు చెబుతుంది. గణాంకాలు, ప్రకటనలు వంటి రకాలలో దేనికి ఒప్పుకోవాలో మనం ఒక్కసారి చెప్పి ఉంచవచ్చు. ఏమీ మార్చకపోతే అన్నిటినీ కాదంటుంది. పెట్టె రాగానే మనిషి చేసినట్టే సెట్టింగ్స్ తెరిచి, మీటలు ఆపి, సేవ్ నొక్కుతుంది. అంటే సైటు లెక్కలలో మన ‘వద్దు’ స్పష్టంగా నమోదవుతుంది, పెట్టెలో కాదనే వీలుంటే చాలు, ఆ సైటు ఏ దేశానిదైనా సరే. దీనికీ హద్దులు ఉన్నాయి. పెట్టె పూర్తిగా దిగేదాకా ఆగవలసి ఉంటుంది కనుక వేగం కలిసిరాదు, తెరమీద ఒక క్షణం పెట్టె మెరిసి మాయమవుతుంది. తనకు తెలిసిన రకం పెట్టెలనే గుర్తుపడుతుంది. సొంతంగా చేయించుకున్న పెట్టె ఉన్న చిన్న సైట్లలో చేతులు ఎత్తేస్తుంది.

రెండూ ఉంటే ఇంకా మంచిది కదా అని నేనూ అనుకొని పెట్టి చూశాను. యూబ్లాక్‌లో కుకీ జాబితాలు తెరిచి ఉంటే పెట్టె ముందే అణగిపోతుంది, ఇక జవాబు చెప్పడానికి కన్సెంట్-ఓ-మాటిక్‌కు పెట్టె దొరకదు. ప్రకటనలకు యూబ్లాక్ ఉంచుకోవచ్చు గాని కుకీ పెట్టెల పని ఒకదానికే అప్పగించాలి.

బ్రౌజరు కూడా ఈ లెక్కను మారుస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో 2022 జూన్ నుంచి ప్రతి సైటు కుకీలనూ దాని డబ్బాలోనే వేరుగా ఉంచే ఏర్పాటు అందరికీ మొదటినుంచే అమలులో ఉంది; ఒక సైటులో చొరబడిన ప్రకటనల సంస్థ ఆ కుకీని పక్క సైటులో చూసే వీలు లేదు. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నిబంధనలను మార్చడంతో పాత యూబ్లాక్ ఆరిజిన్ అందులో పనిచేయడం మానేసింది, తేలికపాటి ‘లైట్’ రూపం మాత్రమే మిగిలింది. అందువల్ల మా ఆరు కంప్యూటర్లలోనూ ఫైర్‌ఫాక్స్, అందులో కుకీ జాబితాలతో యూబ్లాక్ ఆరిజిన్ పెట్టాను. మనిషి లేవగానే అంతా తుడిచివేస్తాము కనుక, సైటు దొంగచాటుగా ఏ కుకీ పెట్టినా దానికి ఆయుష్షు ఒక గంటే. ఇటువంటి చోట దాచడమే మేలు.

సొంత కంప్యూటరు సంగతి అలా కాదు. అక్కడ కుకీలు నెలల తరబడి ఉంటాయి, మనిషి కూడా ఒక్కడే. అక్కడ నా ఓటు కన్సెంట్-ఓ-మాటిక్‌కే. ఒక క్షణం ఆలస్యమైనా కాదన్న మాట నిలబడుతుంది. ఏది పెట్టుకున్నా అసలు పేరూ తయారీదారు పేరూ సరిచూసుకొని పెట్టుకోవాలని మాత్రం గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఈ ఎక్స్‌టెన్షన్లు మనం తెరిచే ప్రతి పేజీనీ చదవగల అనుమతి అడుగుతాయి. పోలిన పేరుతో ఉన్న నకిలీని నమ్మితే పెట్టె పోయి దొంగ వచ్చినట్టవుతుంది.

మన జిల్లాలో ఎక్కువమంది చేతిలో ఉన్నది ఫోనే కాబట్టి దాని గురించీ చెప్పాలి. ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పెట్టుకోవడానికి వీలులేదు. బ్రేవ్ బ్రౌజరులో 2022 నుంచి కుకీ పెట్టెలను ఆపే ఏర్పాటు ఉంది, ఇతర సైట్ల కుకీలను అది మొదటినుంచే అడ్డుకుంటుంది. ఇది దాచే పద్ధతి. డక్‌డక్‌గో బ్రౌజరు, వీలున్న చోట, తక్కువ కుకీలు పడే జవాబును తానే ఎంచి పెట్టెను మూసివేస్తుంది. ఇది కాదనే పద్ధతి. సెట్టింగుల జోలికి వెళ్లని పెద్దవారి ఫోనులో నేను రెండోదే పెడుతున్నాను.

ఇక మన దేశపు చట్టం సంగతి. భారతదేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 6వ సెక్షనులో, సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలనీ, సమ్మతి కోరే మాటను ఇంగ్లీషులో గాని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు ఉండాలనీ చెబుతోంది. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, సమ్మతికి సంబంధించిన ప్రధాన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు.

నెల్లిమర్ల అమ్మాయికి నేను చెప్పిన జవాబు చిన్నదే: ఇక్కడ నొక్కినదానికి భయం లేదమ్మా, నువ్వు లేవగానే అది తుడిచిపెట్టుకుపోతుంది; నీ ఫోనులో నొక్కినదే ఉండిపోతుంది. తరువాతి వారం వచ్చినప్పుడు తన ఫోను నా చేతికిచ్చింది. అందులో డక్‌డక్‌గో పెట్టి, అవే విశ్వవిద్యాలయాల పేజీలు ఇద్దరం ఒక్కొక్కటిగా తెరిచి చూశాము. ఒక్కచోట మాత్రం పెట్టె కదలలేదు. సెట్టింగ్స్ ఎక్కడుందో ఆ అమ్మాయే వెతికి, మీటలన్నీ ఆపి, సేవ్ నొక్కింది.